అత్యంత ఆగ్రహంతో వడ్డించిన జిలేబీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు ఒక వకాలత్‌నామా మీద సంతకం పెట్టాలన్నా కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివే నేను, అప్పుడు చదవకుండానే అన్నీ అర్థం చేసుకునేవాణ్ణి. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో వీధికొక ఎస్టీడీ బూత్ వెలుస్తున్న కాలమది. ఇంటి కప్పు మీది యాంటెన్నా దించేసి అందరూ కేబుల్ తీగ లాక్కుంటున్నారు. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తుంటే, మా బాపు పనిచేసే బొగ్గు గనిలో మాత్రం కొత్త భర్తీ తలుపు మూసేశారు. కొడుకును కూడా గనిలో పెట్టించుకోవాలన్న ఆశ పోయేసరికి బాపు ఒకనాడు అన్నం తింటూ, "నౌకరీలు ఇగ రావు బిడ్డా. నువ్వు నల్లకోటు సదువు సదువు. ఏది బందైనా కోర్టులు బందుగావు" అన్నాడు. అట్లా నేను న్యాయశాస్త్ర విద్యార్థినయ్యాను. న్యాయమంటే నాకంత ప్రేమ ఉందని అంతకుముందు నాక్కూడా తెలియదు.

బాపు చంద్రపూర్‌లో ఉన్నా నా చదువంతా ఆదిలాబాద్ జిల్లాలో, అమ్మమ్మ ఇంట్లో, తెలుగు మీడియంలో సాగింది. డిగ్రీ చేతికొచ్చాకే ఇటు వచ్చాను. పుస్తకాల తెలుగు బాగా వచ్చు (అని నా నమ్మకం). మరాఠీ మాత్రం బజారులో వంకాయలు బేరమాడేంత వచ్చు. అయినా దిగులుండేది కాదు. అక్షరాలు హిందీ అక్షరాలే, పెద్ద మాటలన్నీ సంస్కృతం మాటలే, అవే మాటలు తెలుగులోనూ ఉన్నాయి, ఇంక నేర్చుకోవడానికి మిగిలిందేముంది? మొదటి రోజే ప్రిన్సిపాల్ గారు నన్ను నిలబెట్టి "కలమ్ పాఠ్ ఆహే కా?" అని అడిగారు. పాఠం రాసుకోవడానికి కలం ఉందా అంటున్నారనుకుని జేబులోంచి పెన్ను తీసి, క్యాప్ కూడా విప్పి, అందరికీ కనిపించేలా ఎత్తి చూపించాను. మరాఠీలో కలమ్ అంటే చట్టంలోని సెక్షన్ అట, పాఠ్ అంటే కంఠస్థం అట. ఏదైనా సెక్షన్ కంఠతా వచ్చా అని ఆయన ప్రశ్న. ఇంకెవరైనా అయితే ఆ సాయంత్రమే మరాఠీ నిఘంటువు కొనుక్కునేవాళ్ళు. నేను కొత్త పెన్ను కొనుక్కున్నాను.

ఆ ప్రిన్సిపాల్ గారికి ప్రతి వాక్యానికీ ముందొక "అర్థాత్", వెనకొక "అర్థాత్" ఉండేది కాబట్టి మేమంతా ఆయన్ని అర్థాత్ సర్ అనేవాళ్ళం. మేమంతా అంటే ముఖ్యంగా నేనూ, నా పక్కన కూర్చునే తర్రీ. కాంటీన్లో అటుకుల మీద పోసే ఎర్రటి కారపు పులుసును అక్కడ తర్రీ అంటారు. వాడు నాలుగు చెంచాల అటుకులకు రెండు గిన్నెల తర్రీ తాగేవాడు, అందుకని ఆ పేరు. రాజురా దగ్గరి పల్లెలో తెలుగు రైతుల బిడ్డ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాకు తెలుగు చదవడం వచ్చు, మరాఠీ అంతంతమాత్రం. వాడికి మరాఠీ చదవడం వచ్చు, తెలుగు అక్షరాలను మాత్రం ముగ్గులు చూసినట్టు చూసేవాడు. మా ఇద్దరినీ కలిపితే ఒక చదువుకున్న మనిషి తయారయ్యేవాడు.

క్లాసు పొద్దున ఏడున్నరకు. న్యాయం అంత పొద్దున్నే ఎందుకు లేస్తుందో మాకు అర్థమయ్యేది కాదు. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకరోజు వాడు వెళ్ళాలి, మర్నాడు నేను వెళ్ళాలి, వెళ్ళినవాడు రెండు గొంతులతో హాజరు పలకాలి. నా పేరు వచ్చినప్పుడు వాడు ముక్కుతో "హజర్ సర్" అనేవాడు (నా గొంతు అలా ఉంటుందని వాడి అభిప్రాయం). వాడి పేరుకు నేను జలుబు చేసిన దున్నపోతులా పలికేవాణ్ణి. ఏడాదిపైన ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. ఒకరోజు ఎవరిదో ఉపన్యాసం ఉందని, తర్వాత సమోసాలు కూడా ఉన్నాయని తెలిసి ఇద్దరం వెళ్ళాం. సర్ నా పేరు పిలిచారు. అలవాటు చొప్పున తర్రీ ముక్కుతో "హజర్ సర్" అన్నాడు. తర్వాత వాడి పేరు పిలిచారు. అలవాటు చొప్పున నేను దున్నపోతునయ్యాను. ఇద్దరమూ క్లాసులోనే ఉన్నాం, పక్కపక్కనే కూర్చున్నాం, అయినా దొంగ హాజరు కింద దొరికిపోయాం. సర్ రిజిస్టరు మూసి, కళ్ళజోడు తీసి, "అర్థాత్, మీరిద్దరూ రానప్పుడు వచ్చారు, వచ్చినప్పుడు రాలేదు" అన్నారు.

మా హాజరంతా కొట్టేశారు. హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఏడాది పోతుంది. రెండ్రోజులు ఆయన గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాక కొంచెం కరిగారు. వచ్చే శనివారం మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కోర్టు, ఉంది. రిటైరైన జడ్జిగారొకరు వచ్చి తీర్పు చెబుతారు. మేమిద్దరం ఎదురెదురుగా వాదించాలి. ఆయన మెచ్చుకుంటేనే హాజరు. "అర్థాత్, ఇద్దరినీ మెచ్చుకోవాలని ఏమీ లేదు. మీ పాలక్‌లను కూడా తీసుకురండి" అన్నారు సర్. (మరాఠీలో పాలక్ అంటే తల్లో తండ్రో. ఆకుకూర కాదని అప్పటికి నేర్చుకున్నాను.)

ఇంటికొచ్చి చెబితే బాపు తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతులు కడుక్కుని, తువ్వాలుతో మెల్లగా తుడుచుకుని, "కొర్పనాల మీ మేనమామ ఫికరు చేస్తుండు. సున్నపురాయి ఖదాన్‌ల లారీ నంబర్లు రాసెటోడు కావాల్నట. నిన్ను తోలుమని రెండుసార్లు కబురు వెట్టిండు. శనివారం సూస్త. అయితే సదువు, లేకుంటే కొర్పనా" అన్నాడు.

"గట్ల గాదు బాపు, ఈసారి మంచిగ వాదిస్త."

"ఎట్ల వాదిస్తవో ఏమో. పొద్దుగాల లేసుడే నీతోని గాదు."

నాకు నిజంగా భయమేసింది. అప్పటిదాకా నల్లకోటు బాపు కోరిక. కొర్పనా క్వారీ తెల్ల దుమ్ములో చెవులకు రుమాలు కట్టుకుని లారీ నంబర్లు రాసుకుంటున్న నన్ను నేను ఊహించుకున్నాక అది నా కోరిక కూడా అయింది.

కేసు కాగితం మరాఠీలో సైక్లోస్టైల్ చేసి ఇచ్చారు. కథ చిన్నదే. ఒక పెళ్ళి. భోజనాల బంతిలో వరుడి చిన్నాన్న కూర్చున్నాడు. వధువు మేనమామ వచ్చి అతని విస్తట్లో జిలేబీ వేశాడు. చాలు అన్నాడు, మళ్ళీ వేశాడు. విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు, చేతుల మీద వేశాడు. చిన్నాన్న పక్కనున్న పప్పు గరిటె తీసి విసిరితే మేనమామ కనుబొమ చిట్లింది. తర్రీ మేనమామ తరఫు, నేను గరిటె విసిరిన చిన్నాన్న తరఫు. ఇందులో కీలకమైన వాక్యం ఒకటుంది, దాని కింద నేను ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. "అత్యంత ఆగ్రహానే జిలేబీ వాఢలీ." వాఢలీ అంటే వడ్డించాడు, అది మా అవ్వను, అంటే అమ్మను, అడిగి తెలుసుకున్నాను. మిగతాదానికి ఎవరినీ అడగవలసిన పనేముంది? అత్యంత ఆగ్రహంతో జిలేబీ వడ్డించాడు! ఆగ్రహమంటే ఏమిటో తెలుగు మీడియంవాడికి ఒకరు చెప్పాలా?

చెప్పాలి. మరాఠీలో ఆగ్రహ్ అంటే కోపం కాదు. పట్టుబట్టడం, ఇంకొక్కటి తినండి, మా మీద ఒట్టే అంటూ బలవంతం చేయడం. అక్కడి పెళ్ళి బంతిలో ఆగ్రహ్ చేయకపోతేనే అవమానం. ఈ సంగతి చంద్రపూర్ జిల్లాలో నాకు తప్ప అందరికీ తెలుసు. అందుకని ఆ వారం రోజులూ నా కళ్ళకు కనబడిన మేనమామ వేరు. కళ్ళు ఎర్రబడ్డాయి, మీసాలు అదురుతున్నాయి, పళ్ళు కొరుకుతూ ఒక్కో జిలేబీని నా కక్షిదారు విస్తట్లోకి విసిరి కొడుతున్నాడు. ఇంక వాదన ఎంత సులువు! తీవ్రమైన, హఠాత్తయిన రెచ్చగొట్టడం వల్ల గాయపరిస్తే శిక్ష తక్కువని చట్టంలో ఉండనే ఉంది. ఎవరు ముందు ఆగ్రహించారు? మేనమామ! తర్రీకి ఈ పాయింటు తెలిసిపోతుందేమోనని ఆ వారం వాడితో అటుకులు తినడం కూడా మానేశాను. వాడు కాంటీన్ దగ్గర కనబడి, "ఏం రా, ఏం పాయింట్ వట్టినవ్? జర చెప్పు రా భౌ" అంటే, "శనివారం సూడు, నీ మేనమామకు రెండో కనుబొమ గూడ పల్గుతది" అని వెళ్ళిపోయాను.

బాపుకు మాత్రం కేసు తెలుగులో వివరించాను.

"కోపంతోని జిలేబి ఏసుడేంది రా?" అన్నాడు బాపు. "నేను ఇన్నేండ్ల సంది మరాఠోళ్ళ పెండ్లిలల్ల తింటున్న. కోపంతోని ఎవ్వడు ఏస్తడు?"

"కాగితంల రాసున్నది బాపు. శాన కోపంతోని ఏసిండట."

"కాగితంల ఉన్నదా?" బాపు కాసేపు ఆలోచించి, "ఉంటె ఉండని. కట్నం కాడ కిరికిరి అయుంటది" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. కాగితం మీద ఉన్నదానికి ఎదురు చెప్పడం బాపుకు అలవాటు లేదు. మరాఠీ వాదన మాత్రం బాపు ముందు చెప్పడానికి సిగ్గేసి, ఇరై నది ఒడ్డుకు పోయి బర్రెల ముందు అప్పజెప్పుకునేవాణ్ణి. అవి ఒక్క అభ్యంతరం కూడా చెప్పలేదు.

శనివారం హాలు నిండింది. జడ్జిగారు భారీ మనిషి, కుర్చీ ఆయనకు ఇరుకైంది. బాపు మొదటి షిఫ్టు దిగి, తల దువ్వుకుని, సైకిలు బయట పెట్టి, చివరి బెంచీలో ఒక మూలకు కూర్చున్నాడు. ముందు తర్రీ లేచి గరిటె బరువు, కనుబొమకు పడిన కుట్లు అన్నీ చెప్పి కూర్చున్నాడు. నేను లేచాను. అరువు తెచ్చుకున్న నల్లకోటు చేతులు నా వేళ్ళదాకా ఉన్నాయి. (నేను మాట్లాడింది మరాఠీలో, లేదా మరాఠీ అని నేను అనుకున్నదాంట్లో. మీకోసం తెలుగులో పెడుతున్నాను, ఆ ఒక్క మాట మినహా.)

"యువర్ ఆనర్! నా కక్షిదారు భోజనానికి కూర్చున్నాడు. చేతిలో ఆయుధం లేదు, అన్నం ముద్ద ఉంది. అలాంటి నిరాయుధుడి మీద ఈ మేనమామ ఆగ్రహ్ చేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు ఆగ్రహ్ చేశాడు! అతిథిని పిలిచి, కూర్చోబెట్టి, వందమంది ముందు ఆగ్రహ్ చేయడమా? ఏ నాగరిక సమాజం దీన్ని సహిస్తుంది?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు ముందుకు వంగారు. "వకీల్ సాహెబ్, మన దగ్గర ఆగ్రహ్ లేకుండా పెళ్ళి భోజనం ఎక్కడైనా జరిగిందా?"

నేను నిర్ఘాంతపోయాను. ప్రతి పెళ్ళిలోనూ కోపంతోనే వడ్డిస్తారా వీళ్ళు? ఇంత పెద్ద మనిషి అంత మామూలుగా చెబుతున్నాడే! నా జాతి గౌరవం కాపాడవలసిన సమయం వచ్చిందనిపించింది. "యువర్ ఆనర్, మా తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆగ్రహ్ చేయరు!"

"అలాగా? అతిథి వద్దంటే?"

"వద్దంటే వెంటనే మానేస్తారు. ప్రశాంతంగా పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోతారు. అదే మా సంస్కారం!"

హాలు గొల్లుమంది. ఇంతలో తర్రీ ముఖం ఎర్రగా చేసుకుని లేచాడు. ఎంతైనా వాడూ తెలుగువాడే. "అబద్ధం, యువర్ ఆనర్! ఈయన దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు మా అవ్వ ఎంతో ఆగ్రహ్ చేసి ఆరు గారెలు పెట్టింది. తిన్నాడు కూడా. తెలుగువాళ్ళు ఆగ్రహ్ చేయరంటే మా అవ్వకు అవమానం!"

ఇంతకాలం తర్వాత నవ్వుతూ రాస్తున్నాను కానీ, ఆ క్షణాన నా గుండె నిజంగానే కలుక్కుమంది. ఆ తల్లి నా పక్కన కూర్చుని, "తిను కొడుకా, బక్కగున్నవ్" అంటూ ఒక్కో గారె వేసింది. ఆ నవ్వు వెనక నా మీద అంత కోపం పెట్టుకుందా? నేనేం చేశాను? జడ్జిగారి వైపు తిరిగి అన్నాను. "యువర్ ఆనర్, ఆ తల్లికి నా మీద ఆగ్రహ్ ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. ముందే తెలిస్తే ఒక్క గారె కూడా ముట్టుకునేవాణ్ణి కాదు."

ఇక హాలును ఆపడం ఎవరివల్లా కాలేదు. అర్థాత్ సర్ రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. జడ్జిగారు కళ్ళు తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. నాకు ఆ నవ్వు అర్థం కాలేదు, కోపం వచ్చింది, కొర్పనా గుర్తొచ్చింది. గొంతు ఇంకా పెంచి, బల్ల మీద గుద్ది, ఇంకో పది నిమిషాలు నిలబడ్డాను. ఒక్కసారి కూడా నేను నవ్వలేదు.

తీర్పు చెబుతూ జడ్జిగారు అన్నారు. "నా చక్కెర జబ్బుకు కారణమైన ముద్దాయిలు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. ప్రేమ పేరుతో జరిగే ఈ జులుంను జులుం అని కోర్టులో నిలబడి చెప్పిన వకీలును ఈ రోజే చూశాను. పైగా పెదవి మీద నవ్వన్నది రానీకుండా ఎంత హాస్యం!" చిన్నాన్నకు శిక్ష తగ్గింది, మేనమామకు హెచ్చరిక దొరికింది, ఇద్దరు వకీళ్ళూ మెప్పు పొందారు. అర్థాత్ సర్ తల ఊపారు. హాజరు వచ్చినట్టే. అందులో ప్రేమ ఎక్కడినుంచి వచ్చిందో, హాస్యం ఎవరు చేశారో నాకు తెలియలేదు. కానీ గెలిచినవాడు అన్నీ అడగడు.

తర్వాత చాయ్, లడ్డూలు. నేను ఒకటి తిని చేయి కడుక్కోబోతుంటే సర్ స్వయంగా పళ్ళెం పట్టుకొచ్చి, "ఇంకొకటి తీసుకో. అర్థాత్, మాఝా ఆగ్రహ్ ఆహే" అన్నారు. నా మీద ఆగ్రహం! "సర్, ఇప్పుడు నేనేం తప్పు చేశాను?" అన్నాను. ఆయన పళ్ళెంలో లడ్డూలు దొర్లేలా నవ్వారు. ఆ ముఖంలో కోపం మచ్చుకైనా లేదు. పక్కకు చూస్తే ఆఫీసు గుమస్తా తర్రీ పళ్ళెంలో లడ్డూ పెట్టబోతున్నాడు, తర్రీ రెండు చేతులూ అడ్డం పెడుతున్నాడు, గుమస్తా "ఆగ్రహ్, ఆగ్రహ్" అంటున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. అప్పుడు తెలిసింది. తప్పు ఒప్పుకుందామా అనుకున్నాను. కానీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఏ ముద్దాయినీ బలవంతం చేయరాదని రాజ్యాంగంలో రాసి ఉంది. రాజ్యాంగాన్ని గౌరవించి రెండో లడ్డూ తిన్నాను.

బాపు, నేను జట్‌పురా గేటు దాకా నడిచాం. బాపు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. గేటు దాటాక, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆగ్రహ్ అంటె కోపం గాదు గదరా?"

"నీకెప్పుడు సమజైంది బాపు?"

"మన పెండ్లిలల్ల ఎవ్వలు ఆగ్రహ్ చెయ్యరు అన్నవ్ సూడు, గప్పుడు. ఇంటికాడ కోపం, కోపం అని జెప్తివి. ఆడ ఆగ్రహ్, ఆగ్రహ్ అంటివి. అరె, పోరడు మాట తప్పు వట్టిండని సమజైంది. జడ్జిసాబు కాడికి పోయి చెప్దామని సగం లేసిన."

"మల్ల?"

బాపు సైకిలు ఆపాడు. "అందరు నవ్వుతుండ్రు. నువ్వు బెదురుతలేవు. నీ మాట మీదనే నిలవడ్డవ్. నేను ఇన్నేండ్ల సంది గనిల సాబుల ముంగట నిజం గూడ గంత గట్టిగ ఎన్నడు చెప్పలే బిడ్డా. గందుకే మల్ల కూసున్న."

ఇంకొంచెం నడిచాక భయం భయంగా అడిగాను. "కొర్పనాకు ఏమని చెప్తవ్ బాపు?"

"ఏం చెప్తరు? మావోడు వకీలయిండని చెప్త. నువ్వు మాత్రం రేపటి సంది పొద్దుగాల లేసి మరాఠీ నేర్చుకో."

నేర్చుకున్నాను. ఇప్పుడు మరాఠీలోనే వాదిస్తాను, మరాఠీలోనే అర్జీలు రాస్తాను, పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆగ్రహ్ చేస్తే కొంచెం బెట్టు చేసి తింటాను. ఫైల్లో ప్రతి మాటకూ ఎన్ని అర్థాలున్నాయో తెలుసు. అందుకేనేమో, నిజం నా కక్షిదారు వైపే ఉన్న కేసుల్లో కూడా "బహుశా" అనీ, "ఒకవేళ" అనీ నసుగుతూ ఉంటాను. చేతులు పొడుగైన కోటు వేసుకుని, ఒక్క మాటకు అర్థం తెలియక అంత గట్టిగా బల్ల గుద్దిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. వాదన మధ్యలో నా గొంతు తగ్గినప్పుడల్లా చూపు దానంతటదే చివరి బెంచీ వైపు పోతుంది. సగం లేచి, నన్ను చూసి, మళ్ళీ కూర్చునే మనిషి అక్కడ ఇప్పుడు లేడు. అయినా ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుని మొదలుపెడతాను.